అటెన్‌బరో ఎక్కడివాడు?

ఇంటిపేరుకు అర్థం చెప్పమని ఎవరైనా అడిగితే నేను మాట మారుస్తాను. అర్థం చెప్పడం పెద్ద కష్టమేమీ కాదు. చెప్పినా ఆ కుటుంబం గురించి తెలిసేది బహు తక్కువ, అదీ సంగతి. అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది: ఆ పేరు ఏ జిల్లాలో గుంపుగా ఉంది, ఏ జిల్లాలో అసలు లేదు?

ఈ మాట నిలబెట్టుకోవడానికి ఒక అరుదైన ఇంగ్లీషు ఇంటిపేరు తీసుకుంటాను. ఇంగ్లండులో ఈ పని లెక్కలతో సహా వందేళ్ళకు పైగా జరుగుతోంది కాబట్టి వాదించడానికి చేతిలో సరుకు ఉంటుంది. పేరు మనకు కొత్తది కాదు. గాంధీగారి మీద 1982లో సినిమా తీసినాయన ఒకరు, అడవుల్లో గొరిల్లాల పక్కన కూర్చుని టీవీలో గొంతు తగ్గించి మాట్లాడే ఆయన తమ్ముడు ఇంకొకరు. రిచర్డ్, డేవిడ్. ఇంటిపేరు అటెన్‌బరో.

ముందు అర్థం దారిలోనే వెళ్దాం, అది ఎక్కడ బురదలో దిగబడుతుందో చూద్దాం. పాత ఇంగ్లీషు మాటలు కాస్త తెలిసినవాళ్ళకు ఈ పేరు వినగానే ఒక జవాబు తడుతుంది. మధ్యయుగాల ఇంగ్లీషులో ‘అట్టె’, ‘అట్టెన్’ అంటే ‘ఫలానా దాని దగ్గర’ అని. ఊళ్ళో ఇద్దరు జాన్‌లు ఉంటే బావి దగ్గరి జాన్ అట్‌వెల్ అయ్యాడు, అడవి పక్క జాన్ అట్‌వుడ్ అయ్యాడు. మనకు స్వాతంత్ర్యం వచ్చినప్పుడు బ్రిటన్ ప్రధానిగా ఉన్న అట్లీ ఇంటిపేరు కూడా ఈ బాపతే. చెట్లు కొట్టి చదును చేసిన జాగా దగ్గర ఉండేవాళ్ళు. కొన్నిచోట్ల ‘అట్టెన్’లోని చివరి నకారం జారి పక్క మాటకు అతుక్కుపోయింది. ఆష్ చెట్టు దగ్గరివాడు నాష్ అయ్యాడు, ఓక్ చెట్ల దగ్గరివాడు నోక్స్ అయ్యాడు. ఇంత చక్కగా కుదురుతుంటే, అటెన్‌బరో అంటే ‘బరో దగ్గర, అంటే కోట దగ్గర ఉండేవాడు’ అని తేల్చేయడానికి ఇంకేం అడ్డం?

పటం అడ్డం. ‘అట్టె’ పేర్లు ప్రధానంగా ఇంగ్లండు దక్షిణాది సొత్తు. సర్రీ, ససెక్స్, కెంట్ జిల్లాల పాత పన్ను జాబితాల్లో అవి కుప్పతెప్పలు. అట్లీ వంశం కూడా సర్రీదే. అటెన్‌బరోలు మాత్రం దక్షిణాన కాదు, దేశం నడిబొడ్డున నాటింగ్‌హమ్‌షైర్‌లో, దాన్ని ఆనుకున్న డెర్బీషైర్‌లో గుంపుగా కనిపిస్తారు. ఆ గుంపుకు నడిమధ్యలో, నాటింగ్‌హమ్ నగరానికి నైరుతిగా, ట్రెంట్ నది ఒడ్డున అటెన్‌బరో అని సాక్షాత్తు ఒక ఊరే ఉంది. ఇంక ‘కోట దగ్గరివాడు’ ఎందుకు? పేరు వచ్చింది ఆ ఊరి నుంచి. నిఘంటువు అరగంటలో తేల్చలేనిది పటం ఒక్క చూపులో తేల్చింది.

మరి ఊరి పేరుకు అర్థం? అది వేరే కథ. అడ్డ లేదా ఎడ్డి అనే పేరుగల ఒక మనిషికి సంబంధించిన ‘బర్హ్’, అంటే గోడో గట్టో కట్టి కాపాడుకున్న స్థలం. (తెలుగువాడు ‘అడ్డగారి అడ్డా’ అని వెంటనే అంటాడని తెలుసు. సరదాగా ఉంది కదా? ఇంటిపేర్ల అర్థాలు చాలావరకు ఇలాగే పుడతాయి, తేడా అల్లా అవి చెప్పేవాళ్ళు నవ్వకుండా చెప్తారు.) ఆ బర్హే పీటర్‌బరో లాంటి ఊళ్ళలో ‘బరో’ అయింది, విభక్తి మారినచోట కాంటర్‌బరీ, ష్రూస్‌బరీల్లో ‘బరీ’ అయింది, సముద్రానికి అవతల జర్మనీలో హాంబుర్గ్ లాంటిచోట్ల దాని చుట్టం ‘బుర్గ్’గా ఉంది. అంతా బాగానే ఉంది. కానీ ఇందులో అటెన్‌బరో అనే ఇంటిపేరు గలవాళ్ళ గురించి ఒక్క ముక్కయినా ఉందా? అడ్డ వాళ్ళ తాత కాదు. ఆ కోట వాళ్ళది కాదు. ఇంటిపేర్లు పుట్టే నాటికి అడ్డ ఎవరో ఆ ఊళ్ళోవాళ్ళకే తెలిసి ఉండదు. అర్థం ఊరిది. కుటుంబానికి దక్కింది ఊరు మాత్రమే.

ఇక్కడే నాకు అన్నిటికన్నా ఇష్టమైన మెలిక ఉంది. అటెన్‌బరోలో ఉంటున్నవాణ్ణి ‘అటెన్‌బరోవాడు’ అని ఎవరు పిలుస్తారు? ఊరంతా అటెన్‌బరోవాళ్ళే. ఆ పేరు పనికొచ్చేది అతను ఊరు వదిలి నాలుగు మైళ్ళవతల ఇంకో ఊళ్ళో దిగినప్పుడు. కాబట్టి ఊరి పేరు ఇంటిపేరుగా ఉందంటే, ఆ ఇంటి మూలపురుషుడు ఆ ఊళ్ళో ఉండిపోయినవాడు కాదు, అక్కణ్ణుంచి వెళ్ళిపోయినవాడు. మనకు ఇది వివరించనక్కర్లేదు. కందుకూరి వీరేశలింగం పంతులు పుట్టింది కందుకూరులో కాదు, రాజమహేంద్రవరంలో. నెల్లూరివాళ్ళ కోసం వెతకాల్సింది నెల్లూరు బయట.

ఇంగ్లండులో ఈ ఊరే దానికి మంచి సాక్ష్యం. టీవీ రాకముందు అటెన్‌బరో గ్రామానికి పేరు తెచ్చిన మనిషి హెన్రీ ఐర్‌టన్. రాజు మీద యుద్ధం చేసిన పార్లమెంటు సేనాని, ఆ పక్షపు నాయకుడు క్రామ్‌వెల్‌కు అల్లుడు, రాజు మొదటి చార్లెస్ మరణశిక్ష పత్రం మీద సంతకం పెట్టినవాళ్ళలో ఒకడు. 1611లో అక్కడి సెయింట్ మేరీ చర్చిలో బాప్తిస్మం జరిగింది. అటెన్‌బరోలో పుట్టిన ఆయన ఇంటిపేరు అటెన్‌బరో కాదు. పక్క జిల్లా డెర్బీషైర్‌లోని ఐర్‌టన్ అనే ఊరిది. ఐర్‌టన్ అంటే ‘ఐరిష్‌వాళ్ళ పల్లె’. ఆయన 1651లో ఐర్లండులో లిమరిక్ పట్టణాన్ని ముట్టడించి పట్టుకుని, అక్కడే జ్వరంతో చనిపోయాడు. ఇంటిపేరు అర్థాల మీద నమ్మకం ఉన్నవాళ్ళకు ఇలాంటిది ఒకటి దొరికితే పండగే. నాకు మాత్రం కాకతాళీయం అనే మాట చాలు.

నేను కొంతకాలం డెర్బీలో ఉన్నాను. అక్కణ్ణుంచి నాటింగ్‌హమ్ వెళ్ళే రైళ్ళలో ప్రతి స్టేషనులో ఆగేవి కొన్ని ఉంటాయి, అవి అటెన్‌బరోలో కూడా ఆగుతాయి. దిగి కాస్త నడిస్తే నీళ్ళు. పెద్ద పెద్ద మడుగులు, మధ్యలో సన్నటి గట్లు, బాతులు, కొంగలు, బైనాక్యులర్లు పట్టుకున్న రిటైరైన మనుషులు. 1929 నుంచి అక్కడ ట్రెంట్ మైదానంలో కంకర తవ్వారు. తవ్విన గుంతల్లో నీళ్ళు చేరాయి, వాటిని పక్షుల కోసం కేటాయించారు, 1966లో ఆ సంరక్షణ కేంద్రాన్ని ప్రారంభించడానికి డేవిడ్ అటెన్‌బరోనే పిలిచారు. పేరు చూసి పిలిచారో పని చూసి పిలిచారో గానీ రెండూ కుదిరాయి. ఆయన పుట్టింది అక్కడ కాదు. 1926లో లండన్ పక్కన ఐజిల్‌వర్త్‌లో పుట్టాడు. అన్న రిచర్డ్ 1923లో కేంబ్రిడ్జిలో పుట్టాడు. పెరిగింది లెస్టర్‌లో. తండ్రి ఫ్రెడరిక్ వైపువాళ్ళు మాత్రం స్టేపుల్‌ఫర్డ్‌వాళ్ళు, ఆ చిన్న పట్టణం అటెన్‌బరో గ్రామానికి కూతవేటు దూరం. అంటే ఏడెనిమిది వందల ఏళ్ళలో ఆ పేరు కదిలింది కొద్ది మైళ్ళు, ఆ తర్వాత ఒకే ఒక్క తరంలో దేశమంతా తిరిగింది.

పేరున్న ప్రతి అటెన్‌బరో ఇంతే నెమ్మది అనుకోకండి. 19వ శతాబ్దపు లండన్‌లో అటెన్‌బరో అంటే జనానికి గుర్తొచ్చేది తాకట్టు కొట్టు. ఆ పేరుతో నగరంలో చాలాచోట్ల కుదువ వ్యాపారాలు నడిచాయి, ఫ్లీట్ స్ట్రీట్‌లో నగల దుకాణం ఉండేది. ఇంట్లో గడియారం కనబడకపోతే అటెన్‌బరో దగ్గర ఉందని అర్థం అన్నమాట. ఇదొక చిన్న పాఠం కూడా: పటంలో లండన్ దగ్గర ఒక గుంపు కనిపించినంత మాత్రాన పేరు అక్కడ పుట్టిందని కాదు. లండన్ అందర్నీ పిలుచుకునే ఊరు. ఇంటిపేర్ల పటం చదివేటప్పుడు దాన్ని, మాంచెస్టర్‌ను, బర్మింగ్‌హమ్‌ను కొంచెం పక్కన పెట్టి చూడాలి.

పటం పటం అంటున్నావు, ఎక్కడిది ఆ పటం అంటారా? ఇంగ్లండులో 1538 నుంచి చర్చి రిజిస్టర్లున్నాయి. పెళ్ళి, బాప్తిస్మం, ఖననం. అంతకు ముందు 1377–81 మధ్య వేసిన తలపన్ను జాబితాలున్నాయి. 1662లో మొదలైన పొయ్యిల పన్ను జాబితాలున్నాయి. ఇంటికి ఎన్ని పొయ్యిలుంటే అంత పన్ను, ఇంటి యజమాని పేరు రాసుకునేవారు. రాజు ఖజానా కోసం రాసిన చిట్టాలు చరిత్రకారులకు నిధి అయ్యాయి. అయితే అన్నిటికన్నా సులువైనది 1881 జనాభా లెక్క. ఇంగ్లండు, వేల్స్ కలిపి దాదాపు 2 కోట్ల 60 లక్షల మంది, ఒక్కొక్కరి పేరు, వయసు, పుట్టిన ఊరు. దాన్ని స్వచ్ఛంద కార్యకర్తలు మొత్తం ఎత్తి రాసి కంప్యూటర్లోకి ఎక్కించారు. అప్పటికి రైళ్ళు వచ్చి యాభై ఏళ్ళు, ఫ్యాక్టరీలు వచ్చి వందేళ్ళు దాటింది కదా, జనం చెల్లాచెదురై ఉండరా అని అనుమానం వస్తుంది. ఆశ్చర్యం ఏమిటంటే పెద్దగా కాలేదు. అరుదైన పేర్లు 1881లో కూడా పుట్టింటి చుట్టుపక్కలే తారట్లాడుతున్నాయి.

అంతకన్నా ముందే, కంప్యూటర్లు లేని రోజుల్లో, హెన్రీ గప్పీ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఈ పని చేతితో చేశాడు. 1890లో అచ్చయింది. జిల్లాల డైరెక్టరీలు ముందేసుకుని రైతుల పేర్లు మాత్రమే లెక్కపెట్టాడు. ఎందుకు రైతులే? కదలనివాళ్ళు వాళ్ళే కాబట్టి. గుమాస్తా బదిలీ అవుతాడు, కమ్మరి పని ఉన్నచోటికి పోతాడు, రైతు పొలాన్ని వదిలి ఎక్కడికి పోతాడు? మొక్కలు, పక్షులు ఏ ప్రాంతంలో ఎంత దట్టంగా ఉన్నాయో చూసే కన్నుతోనే మనుషుల పేర్లను చూశాడాయన. ఇంటిపేర్ల మీద పని చేసినవాళ్ళలో నాకు ఎక్కువ గౌరవం ఈయన మీదే. భాషా పండితుడు కాకపోవడమే ఆయనకు కలిసొచ్చింది.

తమాషా ఏంటంటే గప్పీ అనేది కూడా అరుదైన పేరే, డోర్సెట్ జిల్లాలో అదే పేరున్న ఒక చిన్న పల్లె నుంచి వచ్చింది. దోమ పిల్లల్ని తింటాయని మన ఊళ్ళ బావుల్లో, కుంటల్లో వదిలే గప్పీ చేప ఉంది చూశారూ, అది ఈ ఇంటిపేరే. ట్రినిడాడ్‌లో ఉన్న ఇంకో గప్పీ ఆ చేపను లండన్ మ్యూజియానికి పంపితే, 1866లో ఆయన పేరు తగిలించారు. ‘గప్పీ’ అంటే పాత ఇంగ్లీషులో గుప్ప అనేవాడి ఆవరణ. చేపకు ఆవరణకు ఏమిటి సంబంధం అని ఎవరూ అడగరు. పేరు ఒక దారిలో ప్రయాణం చేసి చేప మీద వాలిందని అందరికీ తెలుసు. మనుషుల విషయంలో మాత్రం ఆ ఇంగితం ఎందుకో పనిచేయదు.

గోదావరి జిల్లాలవాళ్ళకు ఇంకా దగ్గరి ఉదాహరణ కాటన్ దొర. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన ఆర్థర్ కాటన్. ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లాడు ఎవడైనా ఆయన పేరుకు ‘పత్తి’ అనే చెప్తాడు. పత్తితో ఏ సంబంధమూ లేదు. పాత ఇంగ్లీషులో ‘కొటుమ్’ అంటే ‘గుడిసెల దగ్గర’. ఇంగ్లండులో కాటన్, కోటన్ అని ఊళ్ళు చాలా ఉన్నాయి, వాటి నుంచి వచ్చిన పేరు అది. ఈయనది చెషైర్‌లో కాంబర్‌మియర్ కాటన్ల శాఖ. పత్తి అనే ఇంగ్లీషు మాట అరబ్బీ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. రెండూ వేరు వేరు దిక్కుల నుంచి వచ్చి ఒకే వర్ణక్రమంలో కలుసుకున్నాయి.

ఇంతకన్నా పాపం స్విండిల్‌హర్స్ట్‌లు. లాంకషైర్, యార్క్‌షైర్ సరిహద్దులో బోలండ్ కొండల్లోని ఒక చోటు పేరు అది. పందులు తిరిగే కొండ మీది అడవి అని అర్థం. ఇప్పటి చెవికి మాత్రం ‘స్విండిల్’ అనే వినిపిస్తుంది, అంటే మోసం. ఆ మాట జర్మన్ నుంచి ఇంగ్లీషులోకి 18వ శతాబ్దంలో గానీ రాలేదు. అప్పటికి స్విండిల్‌హర్స్ట్‌లు కొన్ని వందల ఏళ్ళుగా నిజాయితీగా గొర్రెలు కాసుకుంటున్నారు. బ్యాంకులో ఉద్యోగం చేసే స్విండిల్‌హర్స్ట్ బతుకు తలుచుకుంటే జాలేస్తుంది.

ఈ పేరు ఊరికే తేలేదు. అటెన్‌బరో, స్విండిల్‌హర్స్ట్ రెండూ ఒకే పరిశోధనలో పక్కపక్కన కనిపిస్తాయి. దీని వెనక ఒక చిత్రమైన చుట్టరికం ఉంది. డేవిడ్, రిచర్డ్‌ల తండ్రి ఫ్రెడరిక్ అటెన్‌బరో పాత ఇంగ్లీషు పండితుడు. ఆంగ్లో-శాక్సన్ రాజుల తొలినాటి చట్టాలను అనువాదంతో సహా 1922లో ప్రచురించాడు. ‘బర్హ్’ను పగలగొట్టి చొరబడితే రాజుదైతే ఎంత జరిమానా, బిషప్పుదైతే ఎంత, సామాన్య భూస్వామిదైతే ఎంత అన్న లెక్కలు ఆ చట్టాల్లోవే. తన ఇంటిపేరు తోక ఆ మాటే అని ఆయనకు తెలియకుండా ఎలా ఉంటుంది! 1932 నుంచి 1951 దాకా లెస్టర్ యూనివర్సిటీ కాలేజీకి ప్రిన్సిపాల్. కొడుకులు ఆ ఆవరణలోనే పెరిగారు. ఆ కాలేజీ తర్వాత లెస్టర్ విశ్వవిద్యాలయం అయింది. అక్కడే 1984లో అలెక్ జెఫ్రీస్ డీఎన్ఏ వేలిముద్రల పద్ధతి కనిపెట్టాడు. అక్కడే టూరి కింగ్, మార్క్ జాబ్లింగ్ అనే జన్యుశాస్త్రజ్ఞులు ఇంటిపేర్లకూ వై క్రోమోజోముకూ లంకె పెట్టి చూశారు. 2009లో ఫలితాలు వచ్చాయి: 40 ఇంటిపేర్లు, 1,678 మంది మగవాళ్ళు.

లంకె సులువైనదే. ఇంగ్లండులో ఇంటిపేరు తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. వై క్రోమోజోము కూడా అంతే. రెండూ ఒకే మెట్ల మీద దిగుతుంటే, ఒకే ఇంటిపేరున్న అపరిచితులిద్దరి వై క్రోమోజోములు కలవాలి కదా? స్మిత్‌లను చూస్తే కలవలేదు. దారిన పోయే ఇద్దరు మనుషుల మధ్య ఎంత పోలిక ఉంటుందో ఇద్దరు స్మిత్‌ల మధ్యా అంతే. ప్రతి ఊళ్ళో ఒక కమ్మరి ఉంటాడు, అందరూ ఎవరికి వారే స్మిత్. అటెన్‌బరో, స్విండిల్‌హర్స్ట్ లాంటి పేర్ల దగ్గరకొచ్చేసరికి సీను మారిపోయింది. నూటికి డెబ్బై మందికి పైగా ఒకే రకం, లేదా దాదాపు ఒకే రకం వై క్రోమోజోము. పరస్పరం మొహం కూడా చూసుకోని మనుషులు దాయాదులని తేలింది.

దీన్ని చూసి పత్రికలు ‘అరుదైన ఇంటిపేరు, ఒకే మూలపురుషుడు’ అని రాసేశాయి. నేను ఇక్కడ కొంచెం ఆగుతాను. మొదట్లో ఒక్కడే ఉన్నాడని ఆ ఫలితం చెప్పడం లేదు. చివరికి ఒక్కడి సంతానమే మిగిలిందని చెప్తోంది. రెండింటికీ చాలా దూరం.

1873లో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే శాస్త్రజ్ఞుడు ఒక విద్యా పత్రికలో ఈ లెక్కే అడిగాడు. గొప్ప గొప్ప వంశాల పేర్లు మాయమైపోతున్నాయి, వాళ్ళ వంశంలో ఏదైనా లోపమా, లేక ఊరికే అలా జరుగుతుందా? వాట్సన్ అనే క్రైస్తవ పాదిరి, గణితవేత్త కూడా, జవాబు చెప్పాడు. 1874లో ఇద్దరూ కలిసి ప్రచురించారు. ఊరికే జరుగుతుంది. కొందరికి ముగ్గురు కొడుకులు, కొందరికి అందరూ ఆడపిల్లలు, కొందరికి ఎవరూ లేరు. అంతే చాలు, పేర్లు ఆరిపోతుంటాయి. జనాభా పెరగకుండా తరగకుండా ఉన్న సమాజంలో, ఒక్కడితో మొదలైన పేరు ఇరవై తరాల తర్వాత బతికి ఉండే అవకాశం సుమారు పదింట ఒకటి. వాట్సన్ ఇంకో అడుగు ముందుకేసి పేర్లన్నీ ఎప్పటికైనా పోవాల్సిందే అన్నాడు, అది మాత్రం తప్పు. జనాభా పెరుగుతుంటే కొన్ని నిలుస్తాయి. తర్వాత ఇదే గణితం అణు విస్ఫోటంలో న్యూట్రాన్ల లెక్కకు పనికొచ్చింది. దీనికి తోడు 1348–49లో నల్ల చావు అనే ప్లేగు వచ్చి ఇంగ్లండులో మూడో వంతుకు తక్కువ కాకుండా జనాన్ని తుడిచిపెట్టింది. ఇంటిపేర్లు అప్పుడప్పుడే గట్టిపడుతున్న కాలం అది. ఎన్ని పేర్లు పుట్టిన తరంలోనే పోయుంటాయి!

కాబట్టి అటెన్‌బరో గ్రామం నుంచి ఐదారుగురు వేర్వేరు మనుషులు, ఏ చుట్టరికమూ లేనివాళ్ళు, వేర్వేరు కాలాల్లో బయటికి వెళ్ళి ఆ పేరు తెచ్చుకున్నా ఇవాళ మనం చూసే ఫలితం ఇదే కావచ్చు. మిగతావాళ్ళ వంశాలు ఆరిపోయి ఒకడిది నిలిచింది. అరుదైన పేరు అంటే మొదటినుంచీ అరుదని అనుకోవడం తొందరపాటు.

మిగిలిన ముప్ఫై మంది సంగతేంటి? డీఎన్ఏ అనగానే మనవాళ్ళ కళ్ళు ఇక్కడికే వెళ్తాయి, ‘ఆహా’ అని. అంత చప్పరించాల్సినదేం లేదు. ఆ పరిశోధన అంచనా ప్రకారం తండ్రి వేరైన సందర్భాలు తరానికి నూటికి నాలుగు కూడా ఉండవు. పోనీ నాలుగే అనుకుని లెక్కేయండి: ఇరవై తరాలు గడిచేసరికి గొలుసు ఎక్కడా తెగని వంశాలు సగం కూడా మిగలవు. చిన్న సంఖ్యే, కాలం దాన్ని పెద్దది చేస్తుంది. అందులో దొంగచాటు వ్యవహారాలు ఎన్నో, పెళ్ళి కాని తల్లి తన ఇంటిపేరే బిడ్డకు ఇచ్చినవి ఎన్నో, మారుతండ్రి పేరు పెట్టుకున్నవి ఎన్నో, పెంపకాలు ఎన్నో. మన దత్తతలు వాళ్ళకూ ఉన్నాయి. జేన్ ఆస్టెన్ అన్న ఎడ్వర్డ్ పిల్లలు లేని చుట్టాలింటికి పెంపకం వెళ్ళి, ఆస్తితో పాటు 1812లో నైట్ అని వాళ్ళ ఇంటిపేరు తీసుకున్నాడు. అచ్చం మన దగ్గర జరిగినట్టే. ఇవాళ్టి ఆ నైట్ల డీఎన్ఏ ఆస్టెన్లది. ఇందులో సిగ్గుపడాల్సిందేముంది?

రాజులకే దిక్కులేదు. 2012లో లెస్టర్‌లో కారు పార్కింగు కింద మూడో రిచర్డ్ ఎముకలు దొరికాయి. ఆయనవే అని తల్లి వైపు డీఎన్ఏతో రూఢి చేసింది ఈ టూరి కింగే. తండ్రి వైపు మాత్రం కలవలేదు. ఆ వంశానికి వారసులుగా దస్తావేజుల్లో ఉన్న ఐదుగురు సోమర్‌సెట్ల వై క్రోమోజోము ఏ ఒక్కరిదీ రాజుగారిదానితో సరిపోలలేదు. పైగా ఆ ఐదుగురిలో ఒకరు మిగతా నలుగురితో కూడా కలవలేదు. ఒక గొలుసులో రెండు చోట్ల తెగింది.

యార్క్‌షైర్‌లో ఇంకా వింతైనది బయటపడింది. ఒక అరుదైన ఇంటిపేరున్న తెల్లవాడి వై క్రోమోజోము పశ్చిమ ఆఫ్రికాలో కనిపించే చాలా పురాతన శాఖకు చెందిందని తేలింది. అదే ఇంటిపేరున్న 18 మందిని పరీక్షిస్తే ఏడుగురిలో అదే ఉంది. వంశవృక్షాలు 18వ శతాబ్దం దాకా వెళ్ళాయి, ఆఫ్రికా జాడ కాగితాల మీద ఎక్కడా లేదు. ఎప్పుడో ఒక ఆఫ్రికా మనిషి యార్క్‌షైర్‌లో స్థిరపడ్డాడు, సంతానం కలిగింది, వాళ్ళు పరమ ఇంగ్లీషు పేరుతో పరమ ఇంగ్లీషు మనుషులయ్యారు. ఆ ఇంటిపేరుకు నిఘంటువులో ఏం అర్థం రాసి ఉన్నా ఈ కథలో అక్షరం కూడా అందులో దొరకదు. 2007లో ఇది అచ్చయినప్పుడు, అసలైన ఇంగ్లీషువాళ్ళం మేమే అని జబ్బలు చరుచుకునేవాళ్ళు ఎలా మింగారో చూడాలనిపించింది.

అర్థం మీద నాకింత కోపం ఎందుకంటే, అది అమ్ముడుపోతుంది. ఇంగ్లండులో ఏ పర్యాటక స్థలానికి వెళ్ళినా మీ ఇంటిపేరు, దాని అర్థం, పక్కన సింహమో గద్దో ఉన్న డాలు ముద్రించిన కప్పు దొరుకుతుంది. ‘మీ వంశ చిహ్నం’ అని రాసి ఉంటుంది. ఇంగ్లండు చట్టంలో ఇంటిపేరుకు చిహ్నం అనేది లేదు. చిహ్నం ఒక వ్యక్తికి ఇస్తారు, అతని సంతతికి వెళ్తుంది, అదే పేరున్న పక్కింటివాడికి దాంతో పనిలేదు. ఎప్పుడో ఒక అటెన్‌బరోకు చిహ్నం దక్కిందనే అనుకుందాం, స్టేపుల్‌ఫర్డ్‌లోని రొట్టెల వ్యాపారికో లేసు కార్మికుడికో దాంట్లో వాటా రాదు. అర్థం, చిహ్నం రెండూ మనిషికి ‘నువ్వు ప్రత్యేకం’ అని చెప్పే సరుకు. పటం అలా చెప్పదు. మీ వాళ్ళు ఫలానా బురద నేలల్లో నాలుగు మైళ్ళ వలయంలో ఐదు వందల ఏళ్ళు తిరిగారు అని చెప్తుంది. కప్పు మీద వేయడానికి పనికిరాదు మరి.

నాకు వచ్చే అభ్యంతరం ఒకటుంది, న్యాయమైనదే. అర్థం తెలియకపోతే పటంలో ఎక్కడ వెతకాలో ఎలా తెలుస్తుంది? ‘బరో’ ఊరి పేరు తోక అని తెలిసింది కాబట్టే కదా ఊరి కోసం చూశాం? ఒప్పుకుంటాను. పేరు తయారైన తీరు తెలియాలి. ఊరి పేరా, వృత్తి పేరా, తండ్రి పేరా, ఎగతాళి పేరా. ఆ మేరకు భాష కావాలి. అయితే ఆ మొదటి ఊహను నిలబెట్టేదీ కూల్చేదీ పటమే. అడ్డ ఎవరో తెలియకపోయినా అటెన్‌బరో ఎక్కడిదో తెలుస్తుంది. అడ్డ గురించి అంతా తెలిసి పటం లేకపోతే, దక్షిణాదిలో ‘కోట దగ్గరివాడి’ కోసం వెతుకుతూ ఉండేవాళ్ళం.

తెలుగు ఇంటిపేర్లకు ఇలాంటి పటాలు గీస్తే చూడాలని నాకు చాలా కోరిక. ఒకే ఇంటిపేరువాళ్ళు అన్నదమ్ముల వరస, పెళ్ళి కుదరదు అనే పట్టింపు మనకు బలంగా ఉంది. ఒక చిన్న పల్లె పేరున్న ఇంటిపేరుకు అది నిజం కావడానికి మంచి అవకాశమే ఉంది. పెద్ద ఊరి పేరు మీద, నాలుగైదు కులాల్లో కనిపించే ఇంటిపేరుకు స్మిత్ గతే. కనీసం జిల్లావారీగా లెక్క తెలిస్తే ఏది ఏదో ఒక అంచనా వస్తుంది. ఓటర్ల జాబితాలు అందరికీ అందుబాటులో ఉన్నాయి, కోట్ల పేర్లు. చిక్కు ఎక్కడంటే మనం ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించేశాం. ‘కె. వెంకటేశ్వరరావు’ అని ఉన్నచోట ఆ ‘కె’ కందుకూరా, కొడవటిగంటా, కాకర్లా? ముందు దాన్ని విప్పాలి. తండ్రి పేరు గడిలో ఇంటిపేరు పూర్తిగా రాసి ఉన్న ఇళ్ళు కొన్ని దొరుకుతాయి, ఒకే డోరు నంబరులో ఒకరికి పొడి అక్షరం ఇంకొకరికి పూర్తి పేరు ఉన్నవి ఇంకొన్ని. వాటితో ఒక్క మండలానికి మొదలుపెట్టొచ్చు. గప్పీలాగా రైతులతోనే.